ట్వెల్త్ వదిలేస్తే పెద్ద యూనివర్సిటీ దగ్గరవుతుందా?

డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు కలిసే చోట ఈమధ్య ఒక ఆలోచన బాగా తిరుగుతోంది. పిల్లవాడు లెవెన్త్ గ్రేడ్ అయ్యేసరికే హైస్కూల్ డిప్లొమాకి కావలసిన క్రెడిట్లన్నీ పూర్తి చేసేశాడు. ఇంకో ఏడాది స్కూల్లో కూర్చోబెట్టడం ఎందుకు? దగ్గర్లో ఉన్న స్టేట్ యూనివర్సిటీలో చేర్పించేద్దాం. అక్కడ ఒక ఏడాది మంచి జీపీఏ (గ్రేడ్ల సగటు) తెచ్చుకుని, ఆ తర్వాత ఏ స్టాన్‌ఫర్డ్‌కో కార్నెల్‌కో ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటాడు. ఏడాది కలిసొస్తుంది, పేరున్న డిగ్రీ కూడా చేతికొస్తుంది. ఇదీ ఆలోచన.

మా అమ్మాయి ట్వెల్త్ చదవలేదు. తర్వాత పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయింది కూడా. అందుకే చాలామంది మా ఇంటినే ఉదాహరణగా తీసుకుంటున్నారు. "మీ పాపకి వచ్చింది కదండీ" అంటారు. ఆ మాటకి ఫోన్లో ఐదు నిమిషాల్లో జవాబు చెప్పడం నా వల్ల కావడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సీనియర్ ఇయర్, అంటే ట్వెల్త్, వదిలేయడం కొందరు పిల్లలకి చాలా మంచి నిర్ణయం. ట్రాన్స్‌ఫర్ అవడం కూడా కొందరికి చాలా మంచి నిర్ణయం. కానీ రెండోదాని కోసమని మొదటిది చేయడం పిల్లల్ని ఇబ్బందిలో పెట్టడమే. ఒక పెద్ద యూనివర్సిటీ పిల్లల్ని అంచనా వేసుకోవడానికి ఏ ఆధారాలు అడుగుతుందో, అవి తయారయ్యే ఏడాదినే మనం తీసేస్తున్నాం కాబట్టి.

ఈ ఆలోచన మనల్ని ఎందుకంత ఆకర్షిస్తుందో నాకు అర్థమవుతుంది. మన దగ్గర ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీలో సీటు వస్తే సాధారణంగా నాలుగేళ్లూ అక్కడే. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసినవాళ్లు నేరుగా సెకండియర్‌లో చేరతారు, అది వేరే సంగతి. ఒకసారి చేరాక ఇంకా మంచి కాలేజీకి మారడమనేది మనం పెద్దగా చూసి ఎరగం. అలాంటి చోటునుంచి వచ్చినవాళ్లకి, ఇక్కడ క్రెడిట్లు పట్టుకుని ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి వెళ్లొచ్చు అని తెలిస్తే అది గొప్ప సౌకర్యంగా కనిపిస్తుంది. నిజంగానే గొప్ప సౌకర్యం. అయితే అదెవరి కోసం పెట్టారో, ఎలా నడుస్తుందో చూడకుండా మన ర్యాంకుల లెక్క దానిమీద పెట్టేస్తున్నాం. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఎంసెట్‌లోనో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) నీట్‌లోనో అనుకున్న ర్యాంకు రాకపోతే విజయవాడలో, హైదరాబాద్‌లో పిల్లల్ని ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌కి పంపేది మనమే. మంచి కాలేజీ కోసం ఒక ఏడాది వదులుకోవడానికి అక్కడ సిద్ధపడతాం. ఇక్కడికి వచ్చాక మాత్రం మంచి కాలేజీ కోసం ఉన్న ఏడాదిని కూడా తీసేయాలనుకుంటున్నాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్యాలెండర్ ఒకసారి ముందు పెట్టుకుని చూడండి.

లెవెన్త్ అయ్యాక ఆగస్టులో యూనివర్సిటీలో చేరతారు. మొదటి సెమిస్టర్ గ్రేడ్లు డిసెంబర్ చివర్లో వస్తాయి. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో చాలావాటికి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు గడువు మార్చిలో ముగుస్తుంది. హార్వర్డ్, యేల్‌లకి మార్చి 1, స్టాన్‌ఫర్డ్, కార్నెల్‌లకి మార్చి 15. అంటే ఏడాది తర్వాత మారదామనుకున్న పిల్లల చేతిలో దరఖాస్తు నాటికి ఉండేది ఒకే ఒక్క సెమిస్టర్ గ్రేడ్లు. స్ప్రింగ్ సెమిస్టర్‌వి నడుస్తున్న కోర్సుల మధ్యంతర మార్కులు మాత్రమే. ఆ ఒక్క సెమిస్టర్‌లో ఒక ప్రొఫెసర్‌కి వీళ్లెవరో తెలిసి, సిఫార్సు లెటర్‌లో వీళ్ల గురించి నాలుగు సొంత మాటలు రాయగలగాలి. మొదటి సెమిస్టర్ కోర్సులు చాలావరకు వందల మంది కూర్చునే హాళ్లలో జరుగుతాయి. అక్కడ ఏ గ్రేడ్ వచ్చినా, లెటర్‌లో "నా క్లాసులో ఏ వచ్చింది" అన్నదాని కన్నా ఎక్కువ రాయడం ఏ ప్రొఫెసర్‌కైనా కష్టమే.

కాలేజీ రికార్డు ఇంత పలచగా ఉన్నప్పుడు యూనివర్సిటీ సహజంగానే హైస్కూల్ రికార్డు వైపు చూస్తుంది. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులో హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ కూడా అడుగుతారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. మరి వీళ్ల హైస్కూల్ రికార్డులో ఏముంది? మూడేళ్లు. స్కూల్లో ఉన్నవాటిలో బాగా కష్టమైన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సులు సాధారణంగా ట్వెల్త్‌లో పడతాయి. డిబేట్ టీమ్ కెప్టెన్, ఆర్కెస్ట్రాలో మొదటి వరుస, రోబోటిక్స్ క్లబ్ బాధ్యత, ఇలాంటివన్నీ మూడేళ్లు పనిచేసిన పిల్లలకి నాలుగో ఏట వస్తాయి. లెవెన్త్ తర్వాత వేసవిలో చేసిన ప్రాజెక్టో రీసెర్చో ఒక కొలిక్కి వచ్చేదీ అప్పుడే. అన్నీ నాటి, కోతకి ముందు పొలం వదిలి వెళ్లినట్టు అవుతుంది. పక్క పిల్లలు నాలుగేళ్ల స్కూల్ రికార్డుతో ఫ్రెష్‌మన్‌గా, అంటే నేరుగా మొదటి ఏడాదిలో చేరడానికి, పోటీ పడతారు. మన పిల్లలు మూడేళ్ల స్కూల్, నాలుగు నెలల కాలేజీ చూపించి, ఇంకా తక్కువ సీట్లున్న చోట పోటీ పడతారు.

సీట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రిన్స్‌టన్ 1990లో ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్లు ఆపేసింది. 2018లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆఫర్ ఇచ్చింది 13 మందికి. పైగా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లని, కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల స్థానిక కాలేజీల) నుంచి వచ్చేవాళ్లని, ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లల్ని తీసుకోవడం తమ ఉద్దేశమని అప్పుడే చెప్పింది. హార్వర్డ్ ఏడాదికి సగటున ఒక డజను మంది ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల్ని తీసుకుంటుంది. ఫ్రెష్‌మన్ ఆఫర్లు దగ్గర దగ్గర రెండు వేలు ఉంటాయి. స్టాన్‌ఫర్డ్‌లో చాలా ఏళ్లలో ట్రాన్స్‌ఫర్ ఆఫర్ల శాతం ఫ్రెష్‌మన్ శాతం కన్నా తక్కువే. కార్నెల్ వేరు, అక్కడ ఏటా వందల్లో తీసుకుంటారు, కానీ అందులోనూ కాలేజీని బట్టి, కోర్సుని బట్టి చాలా తేడా ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ అంటే పోటీ తక్కువున్న దొడ్డిదారి అని డబ్బు తీసుకుని సలహాలిచ్చే కన్సల్టెంట్ ఒకరు మా తెలిసినవాళ్లకి చెప్పారు. ఈ అంకెలు చూసి ఆ మాట ఎలా అనగలిగారో నాకు తెలియదు. పిల్లల జీవితాలతో పనిచేసేవాళ్లు ఇంత తేలిగ్గా మాట్లాడకూడదు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి ఇంకో నష్టం ఉంది. 1997లో వచ్చిన చట్టం ప్రకారం, హైస్కూల్లో మొదటి 10 శాతంలో ఉన్న పిల్లలకి స్టేట్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్‌గా అడ్మిషన్ దొరుకుతుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి మాత్రం ఆ హద్దు తక్కువ. కొన్నేళ్లు 6 శాతం ఉండేది, 2026 ఫాల్‌లో చేరేవాళ్లకి 5 శాతం చేశారు. కోరుకున్న మేజర్ వస్తుందన్న హామీ ఇందులో లేదు, యూనివర్సిటీలో సీటు మాత్రం ఖాయం. ఈ హక్కు ఫ్రెష్‌మన్‌గా చేరేవాళ్లది. హైస్కూల్ పూర్తయ్యాక ఒక యూనివర్సిటీలో చేరి, తర్వాత ట్రాన్స్‌ఫర్‌గా వస్తే ఆ ర్యాంకు ఇక పనికిరాదు. మా తెలిసినవాళ్ల అబ్బాయి విషయంలో జరిగింది ఇదే. లెవెన్త్ చివర్లో స్కూల్లో మంచి ర్యాంకులో ఉన్నాడు. ఇంకో ఏడాది ఉండి ఉంటే ఆస్టిన్ చేతిలో ఉండేది. ఏడాది ముందే ఇక్కడి యూనివర్సిటీలో చేరి, మార్చిలో పెద్ద పేర్లన్నిటికీ ట్రాన్స్‌ఫర్ పెట్టాడు. అన్నిచోట్ల నుంచీ నో వచ్చింది. అదే రోజుల్లో పాత స్కూల్ స్నేహితులు ఒక్కొక్కరే ఎక్కడెక్కడ సీటు వచ్చిందో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారు. పదిహేడేళ్ల పిల్లవాడు ఆ వసంతమంతా ఎలా గడిపాడో వాళ్లమ్మ చెబుతుంటే నాకు కన్నీళ్లాగలేదు. ఆ అబ్బాయి తెలివితేటల్లో ఏ లోపం లేదు. పెద్దవాళ్లం వేసి ఇచ్చిన ప్లాన్‌లోనే ఉంది లోపం.

ఇంకో ముఖ్యమైన తేడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీనిమీద చాలా గందరగోళం ఉంది. హైస్కూల్లో ఉంటూనే డ్యూయల్ క్రెడిట్ కింద కాలేజీ కోర్సులు ఎన్ని చేసినా సాధారణంగా మీరు ఫ్రెష్‌మన్ కిందే దరఖాస్తు చేస్తారు. డిప్లొమా చేతికొచ్చాక కాలేజీలో చేరితేనే ట్రాన్స్‌ఫర్ అవుతారు. డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ ఆవరణలో నడిచే టెక్సాస్ అకాడమీ ఆఫ్ మ్యాథమెటిక్స్ అండ్ సైన్స్ పిల్లలు టెన్త్ తర్వాత వచ్చి రెండేళ్లూ యూనివర్సిటీ కోర్సులే చదువుతారు, కానీ హైస్కూల్ డిప్లొమా ఆ రెండేళ్ల చివర్లో వస్తుంది కాబట్టి పెద్ద యూనివర్సిటీలకి ఫ్రెష్‌మన్‌గానే వెళ్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్ కింద కమ్యూనిటీ కాలేజీలో చదివే సియాటెల్ పిల్లలదీ అంతే. న్యూయార్క్ రాష్ట్రంలో పాట్స్‌డామ్ అనే ఊళ్లో క్లార్క్‌సన్ స్కూల్ ఉంది. అక్కడ ట్వెల్త్‌కి బదులు ఒక ఏడాది కాలేజీలో గడుపుతారు, అదే స్కూల్ చివరి ఏడాదిగానూ, కాలేజీ మొదటి ఏడాదిగానూ లెక్కకొస్తుంది. ఈ పద్ధతులన్నీ స్కూల్ పాఠాలు చాలని పిల్లల కోసం ఆలోచించి పెట్టినవి. మీ పిల్లలకి నిజంగా కాలేజీ స్థాయి చదువు కావాలంటే, ముందు ఇలాంటివాటిలో ఏది అందుబాటులో ఉందో చూడండి. డిప్లొమా తీసుకుని బయటికి రావడం ఆఖరి దారిగా ఉంచుకోండి.

మరి మేమెందుకు ఆ ఆఖరి దారి పట్టాం?

మా అమ్మాయికి లెక్కలంటే ప్రాణం. కాల్‌క్యులస్ టెన్త్‌లోనే అయిపోయింది. లెవెన్త్‌లో డ్యూయల్ క్రెడిట్ కింద లీనియర్ ఆల్జీబ్రా, మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్ చేసింది. ట్వెల్త్‌లో తను తీసుకోవడానికి స్కూల్లో లెక్కల కోర్సే లేదు. టెన్త్ తర్వాత అకాడమీకి పంపుదామంటే అప్పటికి తను ఇల్లు వదలడానికి సిద్ధంగా లేదు. లెవెన్త్ చివర్లో తనే వచ్చి, "ప్రూఫ్‌లు రాయడం నేర్పే క్లాసు కావాలి, యూనివర్సిటీలో రియల్ అనాలిసిస్ ఉంది, అది తీసుకుంటాను" అంది. ఏ యూనివర్సిటీ అన్నది మా మాటల్లోకి రాలేదు. ఇంటినుంచి వెళ్లొచ్చేంత దూరంలో మంచి లెక్కల డిపార్ట్‌మెంట్ ఉంది, స్కాలర్‌షిప్ ఇచ్చారు, చేరింది. మావారు ఒక్క మాటే అడిగారు: "నాలుగేళ్లూ ఇక్కడే ఉండాల్సివస్తే నీకు సంతోషమేనా?" తను అవునంది. ఆ ప్రశ్నకి పిల్లలు అవునని మనస్ఫూర్తిగా చెప్పగలిగితేనే సీనియర్ ఇయర్ వదిలేయాలని ఇవాళ్టికీ నా నమ్మకం.

మొదటి ఏడాది ట్రాన్స్‌ఫర్ ఊసే లేదు. అనాలిసిస్, ఆల్జీబ్రా చదివింది. ఆల్జీబ్రా చెప్పిన ప్రొఫెసర్ వారానికోసారి తనతో విడిగా కూర్చుని ఒక పుస్తకం చదివించారు. రెండో ఏడు గ్రాడ్యుయేట్ కోర్సులో కూర్చుంది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఆయనే పిలిచి చెప్పారట: నీకు ఇష్టమైన నంబర్ థియరీలో ఇక్కడ పనిచేసేవాళ్లు లేరు, వచ్చే రెండేళ్లు నువ్వు ఒంటరిగా చదువుకోవాల్సి వస్తుంది, ఆ రంగంలో నలుగురైదుగురున్న చోటికి వెళ్లు, నేను లెటర్ రాస్తాను అని. దరఖాస్తు నాటికి తన చేతిలో మూడు సెమిస్టర్ల గ్రేడ్లున్నాయి, గ్రాడ్యుయేట్ కోర్సు ఉంది, తనని ఏడాదికి పైగా దగ్గరనుంచి చూసిన ఇద్దరి లెటర్లున్నాయి. "ఎందుకు మారాలనుకుంటున్నావు" అనే వ్యాసంలో యూనివర్సిటీ గొప్పతనం గురించి ఒక్క వాక్యం రాయలేదు. తను చదివిందేమిటో, ఆ తర్వాత చదవాలనుకుంటున్నదేమిటో, అది ఇక్కడ ఎందుకు దొరకదో రాసింది. అంత బలమైన దరఖాస్తుకి కూడా ఎక్కువ చోట్ల నో అన్నారు. తూర్పు తీరంలో ఒకచోట సీటూ, ఆర్థిక సాయమూ రెండూ వచ్చాయి, వెళ్లింది.

"మీ పాపకి వచ్చింది కదండీ" అనేవాళ్లకి నేను చెప్పదలచుకున్నది ఇదే. సీనియర్ ఇయర్ వదిలేయడం వల్ల తనకి సీటు రాలేదు. వదిలేసిన తర్వాత వెళ్లిన చోట రెండేళ్లు మనసుపెట్టి చదివింది కాబట్టి వచ్చింది. అక్కడికి వెళ్లిన రోజునుంచే వేరే చోటు కోసం చూసి ఉంటే ఆ ప్రొఫెసర్‌తో ఆ వారం వారం చదువు సాగేదని నేననుకోను. ఇంకో ఏడాదిలో వెళ్లిపోయే పిల్లలు క్లబ్‌లో చేరరు, రీసెర్చ్ అడగరు, రూమ్మేట్‌తో స్నేహం కూడా పైపైనే చేస్తారు. అలా గడిపిన ఏడాది దరఖాస్తులో కూడా అలాగే కనబడుతుంది.

కలిసొచ్చిన ఏడాది సంగతి కూడా చెబుతాను. కొత్త యూనివర్సిటీ తను చేసిన కోర్సుల్లో కొన్నిటినే ఒప్పుకుంది. డిగ్రీలో కనీసం ఇంత భాగం తమ దగ్గరే చదవాలి అనే నియమం ఇంచుమించు అన్నిచోట్లా ఉంటుంది. కొన్నిచోట్ల తప్పనిసరి కోర్సుల వరుసే పెద్దది. కొలంబియా కోర్ కరిక్యులమ్ అందుకు ఉదాహరణ, ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లకీ అది తప్పదు. ప్రభుత్వ ఆడిట్ సంస్థ గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2017లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, 2004 నుంచి 2009 మధ్య ట్రాన్స్‌ఫర్ అయిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారు. మా అమ్మాయి అక్కడ ఇంకో మూడేళ్లు చదవాలి. అంటే స్కూల్లో ఒక ఏడాది తగ్గింది, కాలేజీలో ఒక ఏడాది పెరిగింది. తన స్కూల్ స్నేహితులతో పాటే డిగ్రీ చేతికొస్తుంది. తను దిగులు పడటం లేదు, మేమూ పడటం లేదు, ఎందుకంటే ఆ ఏడాది మిగల్చడం మా లక్ష్యం కాదు. కానీ ఏడాది మిగలడమే లక్ష్యంగా బయలుదేరినవాళ్లకి ఇది గట్టి దెబ్బ.

డబ్బు గురించి మన ఇళ్లలో గుసగుసగా మాట్లాడుకుంటాం, ఇక్కడ గట్టిగా మాట్లాడాలి. స్టేట్ యూనివర్సిటీలు ఇచ్చే పెద్ద స్కాలర్‌షిప్‌లు, నేషనల్ మెరిట్ (దేశవ్యాప్త ప్రతిభా పోటీ) ఫైనలిస్టులకి కొన్ని యూనివర్సిటీలు ఇచ్చే పూర్తి సాయం, ఇవి దాదాపు అన్నీ ఫ్రెష్‌మన్‌గా చేరేవాళ్లకి. ట్రాన్స్‌ఫర్‌గా వెళ్లినవాళ్లు వాటిని వదులుకుని వెళ్తారు. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 85, 90 వేల డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే అవుతోంది. మెరిట్ స్కాలర్‌షిప్‌లు అక్కడ దాదాపు ఉండవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయమే. ఇద్దరూ ఉద్యోగం చేసే మన ఐటీ కుటుంబాలకి ఆ సాయం చాలాసార్లు అందదు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకి ఇచ్చే వీసా)లో ఉన్న పిల్లల పరిస్థితి ఇంకా కష్టం, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. గ్రీన్‌కార్డు లైన్‌లో ఏళ్ల తరబడి ఉన్న మన కుటుంబాల్లో పిల్లలకి 21 నిండగానే హెచ్-4 పోతుంది. ఆ భయంతో, ఏడాది ముందే కాలేజీకి పంపితే 21 లోపు డిగ్రీ అయిపోతుంది, ఇబ్బంది తప్పుతుంది అని కొందరు తల్లిదండ్రులు లెక్క వేస్తున్నారు. ఆ భయం నిజమైనదే, నేను దాన్ని చిన్నది చేయడం లేదు. కానీ లెక్క పనిచేయదు. హెచ్-4లో ఉన్న పిల్లలకి డిగ్రీ ఎంత త్వరగా వచ్చినా ఉద్యోగం చేసే అనుమతి రాదు. డిగ్రీ తర్వాత ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతి) మీద పనిచేయాలంటే ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాల్సిందే, అది ఇరవైలోనైనా ఇరవై రెండులోనైనా ఒకటే. ఇక ట్రాన్స్‌ఫర్ విషయానికి వస్తే, ఫెడరల్ ఆర్థిక సాయం ఈ పిల్లలకి లేదు. చాలా ప్రైవేటు యూనివర్సిటీలు వీళ్లని విదేశీ విద్యార్థుల లెక్కలో చూస్తాయి, విదేశీ ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకి సాయం చాలా కొద్ది చోట్లే దొరుకుతుంది. టెక్సాస్‌లో పెరిగిన హెచ్-4 పిల్లలకి ఇక్కడి స్టేట్ యూనివర్సిటీల్లో ఇన్‌స్టేట్ ఫీజు (రాష్ట్రంలో ఉండేవాళ్లకి తక్కువ ఫీజు) దొరుకుతుంది, రాష్ట్రం దాటితే అదీ పోతుంది. ఇంతకుముందు చెప్పిన అబ్బాయి హెచ్-4లోనే ఉన్నాడు. సీటు వచ్చి ఉంటే వాళ్లు ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారు.

ఇంత చేసి సంపాదించే పేరు ఎంత పనిచేస్తుంది? దీనికి నిజాయితీగా రెండు వైపులా చెప్పాలి. స్టేసీ డేల్, ఆలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. 1976లో కాలేజీల్లో చేరినవాళ్ల తర్వాతి జీతాలు చూస్తే, ఒకే రకమైన ప్రతిభ ఉండి, ఒకే రకమైన కాలేజీలకి దరఖాస్తు చేసినవాళ్లలో, పెద్ద కాలేజీకి వెళ్లినవాళ్లకీ వెళ్లనివాళ్లకీ సగటు సంపాదనలో పెద్ద తేడా లేదని తేలింది. పేద కుటుంబాల పిల్లలకి మాత్రం పెద్ద కాలేజీ వల్ల లాభం కనబడింది. 2023లో రాజ్ చెట్టీ, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ చేసిన పరిశోధనలో, ఐవీ లీగ్‌తో పాటు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో లాంటి చోట్ల చదివితే సగటు సంపాదన పెద్దగా పెరగదు గానీ, దేశంలో పైనున్న ఒక శాతం ఆదాయంలోకి చేరే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లవుతుందని, పేరున్న గ్రాడ్యుయేట్ స్కూళ్లకి వెళ్లే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని తేలింది. కాబట్టి పేరు ఉత్తిదే అని నేననను. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది కోరుకునేది మంచి ఇంజనీర్ ఉద్యోగం, సుఖమైన జీవితం. దానికి టెక్సాస్‌లో ఉన్న స్టేట్ యూనివర్సిటీలు పూర్తిగా సరిపోతాయి, ఆ మాట మన ఆఫీసుల్లో పక్క సీట్లలో కూర్చున్నవాళ్లని చూసినా తెలుస్తుంది.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు మాత్రం నా వాదన యథాతథంగా తీసుకోవద్దు. ఆ రాష్ట్రం ఉన్నత విద్య కోసం వేసుకున్న 1960 మాస్టర్ ప్లాన్ నాటినుంచీ అక్కడ కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి వెళ్లడం వ్యవస్థలో భాగం. 60 సెమిస్టర్ యూనిట్లు పూర్తి చేసి జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలో, చేరతారు. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు షరతులు నెరవేర్చినవాళ్లకి సీటు హామీ కూడా ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్‌లలో హామీ లేదు గానీ, ట్రాన్స్‌ఫర్ అవకాశాలు ఫ్రెష్‌మన్ కన్నా బాగా ఎక్కువ. అయితే ఆ ప్రాధాన్యం కమ్యూనిటీ కాలేజీ పిల్లలకే. ఇంకో నాలుగేళ్ల యూనివర్సిటీ నుంచి వచ్చేవాళ్లు వాళ్ల వెనకే నిలబడాలి. ముందుగానే స్కూల్ ముగించి స్టేట్ యూనివర్సిటీలో చేరిన పిల్లలకి ఈ దారి తెరిచి ఉంటుందని అనుకోకండి.

వయసు గురించి ఒక్క మాట. పదహారున్నర, పదిహేడేళ్లకి కాలేజీలో ఉండటం చదువు పరంగా మా అమ్మాయికి ఇబ్బంది కాలేదు. కానీ స్నేహాలు కుదరడానికి ఏడాది పట్టింది. కుదిరాక మళ్లీ వాటిని వదిలి కొత్తచోట, ఎవరి గ్రూపులు వాళ్లకి ఏర్పడిపోయిన సోఫోమోర్ల (రెండో ఏడాది విద్యార్థుల) మధ్యకి వెళ్లింది. మొదటి సెమిస్టర్ రాత్రిపూట ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా కాసేపు లైన్లో ఉండేది. లెక్కల మీద ప్రేమే లేకపోయి ఉంటే తను ఆ నెలలు తట్టుకునేది కాదనిపిస్తుంది. రెండు సార్లు చోటు మారే శక్తి మీ పిల్లలకి ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది.

ఇప్పటికే ట్వెల్త్ వదిలేసి, ఎక్కడో చేరి, అక్కడ నచ్చక ట్రాన్స్‌ఫర్ గురించి ఆలోచిస్తున్న పిల్లలు కూడా ఇది చదువుతుండొచ్చు. వాళ్లకి నా సలహా, ఆలస్యం అయిపోయిందని కంగారు పడవద్దు, మొదటి మార్చిని వదిలేయండి. రెండో ఏడాది మార్చికి దరఖాస్తు చేస్తే మూడు సెమిస్టర్లు చూపించగలరు, అప్పటికి హైస్కూల్ రికార్డు బరువు తగ్గుతుంది. అయితే అంతకన్నా ఆగకండి, హార్వర్డ్ లాంటి చోట్ల రెండేళ్లు మించి కాలేజీ పూర్తి చేసినవాళ్లని తీసుకోరు. ఇద్దరు ప్రొఫెసర్ల దగ్గర చిన్న క్లాసులు తీసుకోండి, వాళ్ల ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. స్కూల్ కౌన్సెలర్‌తో సంబంధం తెంచుకోకండి, ఆ స్కూల్ కాగితాలు మళ్లీ కావాల్సి వస్తాయి. డిప్లొమా లేకుండా బయటికి వచ్చినవాళ్లయితే, ఫెడరల్ సాయానికి దానికి సమానమైనదేదో చూపించాల్సి ఉంటుంది, ఆ సంగతి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి. ఆఫర్ వచ్చినా సరే, ఏ కోర్సుకి ఎన్ని క్రెడిట్లు ఇస్తారో, ఇంకా ఎన్ని సెమిస్టర్లు చదవాలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకునేదాకా, ఆర్థిక సాయం లెటర్ అమ్మానాన్నలతో కూర్చుని చదివేదాకా, ఇప్పుడున్న యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ వదులుకోవద్దు.